మిరుగులో మొదటి గుంజుకే పలకాలి

మిరుగు, అంటే మృగశిర కార్తె, చొచ్చి రెండు మంచి వానలు పడితే చాలు, మా మంచిర్యాల వైపు గడ్డి ఆగదు. ఎండాకాలమంతా బొగ్గు దుమ్ము, ఎర్రమట్టి తప్ప ఏమీ కనబడని శ్రీరాంపూర్ క్వార్టర్ల వెనక జాగలు, నస్పూర్‌లో కొత్తగా కట్టుకున్న ఇళ్ల ముందరి ఖాళీలు, రాళ్లవాగు పక్కన ప్లాట్లు, అన్నీ చూస్తుండగానే పచ్చబడతాయి. గరిక, తుంగ, వాటి నడుమ వయ్యారిభామ. పిల్లలు తిరిగే చోట మోకాలెత్తు గడ్డి ఉంటే పురుగూ పుట్రా భయం, దోమల బాధ. అందుకే ఆ వారంలోనే ఇంటింటా మూలకు పెట్టిన గడ్డి మిషన్లు బయటికొస్తాయి. సరిగ్గా అప్పుడే నాకు ఫోన్లు మొదలవుతాయి.

"అన్నా, పొద్దటి నుంచి తాడు గుంజుతున్న, పలుకుతలేదు. ఒకపాలి వచ్చి చూస్తవా?"

నేను సింగరేణిలో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు ఇంటి దగ్గరే చిన్న ఇంజన్లు బాగుచేస్తుంటాను. నా దగ్గరికి వచ్చే గడ్డి మిషన్లలో నిజంగా విరిగినవి, అరిగినవి తక్కువ. ఎక్కువవాటికి ఒకటే రోగం, స్టార్ట్ కావు. కొనేటప్పుడు హార్స్‌పవర్ అడిగారు, బ్లేడ్ చూశారు, ధర బేరమాడారు. నెలల తరబడి మూలకు పడి ఉన్నాక దీన్ని నా చేత్తో నేను లేపగలనా అని అడిగినవాళ్లు లేరు. మంచిర్యాల 2016లో జిల్లా అయిన తర్వాత ఇళ్లు పెరిగాయి, ఇంటి ముందు పచ్చిక పెంచుకునే ముచ్చటా పెరిగింది. అది చూస్తే నాకు సంతోషం. కాబట్టి మిషన్ కొనబోయేవాళ్లకు నా మాట ఒక్కటే: వచ్చే జూన్‌లో మొదటి గుంజుకు అది పలుకుతుందా లేదా అన్నది ముందు తేల్చుకోండి. మిగతా లెక్కలన్నీ ఆ తర్వాతే.

దీన్ని ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. బొగ్గు బాయిలో నా చేతికింద నడిచిన లోడింగ్ యంత్రం ఎస్‌డీఎల్ గానీ, హాలేజీ గానీ, పంపు గానీ అన్నీ కరెంటువే. గ్యాస్ ఉండే చోట నిప్పురవ్వ బయటికి రాకూడదు కాబట్టి స్విచ్చులన్నీ ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టెల్లో ఉంటాయి. పెట్రోల్ ఇంజన్ అన్న మాటే అక్కడ వినబడదు. బటన్ నొక్కితే ఎంత పెద్ద యంత్రమైనా లేచేది. అంత బరువు పనిచేసి బయటికొచ్చిన మనుషులు ఇంటి దగ్గర ఒక చిన్న ఇంజన్ తాడు ముందు ఓడిపోవడం నేను చూస్తున్నాను. తట్టా చెమ్మస్‌తో బొగ్గెత్తిన ఫిల్లర్లు, టబ్బులు నెట్టినవాళ్లు, వాళ్ల భుజాలు అప్పటికే అరిగిపోయి ఉన్నాయి. చెయ్యి తలదాకా లేవనివాళ్లున్నారు. వాళ్లకు "గట్టిగా గుంజాలె సార్, అలవాటైతది" అని చెప్పి మిషన్ అంటగట్టడం అన్యాయం.

తాడు గుంజితే లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఎంచుకోవడం తేలిక. తాడు ఒక కప్పీకి చుట్టి ఉంటుంది. లాగగానే కప్పీలోని చిన్న కొక్కేలు బయటికొచ్చి ఇంజన్ ఇరుసును పట్టుకొని తిప్పుతాయి. వదిలితే చుట్టల స్ప్రింగు తాడును లోపలికి లాక్కుంటుంది. ఆ ఒక్క లాగులో మూడు పనులు కావాలి. కార్బొరేటర్ నుంచి సరిపడా పెట్రోల్ రావాలి. గాలి, పెట్రోల్ కలిసినదాన్ని పిస్టన్ పైకి వెళ్లి ఒత్తాలి. ఫ్లైవీల్ మీదున్న అయస్కాంతం కాయిల్ ముందు నుంచి జోరుగా తిరిగి ప్లగ్గులో రవ్వ పుట్టించాలి. ఇందులో బ్యాటరీ లేదు. ఆ రవ్వకు కావలసిన కరెంటంతా మన చెయ్యి లాగిన వేగంలోంచే రావాలి. మెల్లగా లాగితే రవ్వ రాదు. జోరుగా లాగుదామంటే పిస్టన్ అడ్డం తగులుతుంది. భుజానికి దెబ్బ తగిలేది అక్కడే.

ఈ అడ్డును తగ్గించే ఉపాయం మన రైతులకు ఎప్పుడో తెలుసు. వ్యవసాయ బావుల మీద కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్లు నడిచిన రోజుల్లో హ్యాండిల్ తిప్పేటప్పుడు పైన ఒక లివర్ ఎత్తి పట్టేవాళ్లు. దాంతో వాల్వు కొద్దిగా తెరుచుకొని లోపలి ఒత్తిడి బయటికి పోయేది, బరువైన చక్రం కూడా తిరిగేది. వేగం అందుకోగానే లివర్ దించితే ఇంజన్ ఢక్కుమని లేచేది. ఇప్పటి మంచి లాన్ మూవర్లలో అదే పని క్యామ్ దగ్గర ఉండే ఒక బుల్లి ఏర్పాటు తనంతట తాను చేస్తుంది. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నంతసేపు ఎగ్జాస్ట్ వాల్వును వెంట్రుకవాసి ఎత్తి ఉంచుతుంది, వేగం రాగానే తప్పుకుంటుంది. దీన్ని ఆటో డీకంప్రెషన్ అంటారు. మూవర్లకు బిగించే హోండా జీఎక్స్‌వీ 160 వంటి ఇంజన్లలో ఇది ఉంది. బ్రష్ కట్టర్లలో ఇంకో పద్ధతి ఉంది: తాడుకూ ఇరుసుకూ మధ్య అదనంగా ఒక స్ప్రింగు పెడతారు. మనం నెమ్మదిగా లాగిన బలమంతా అందులో కూడుకొని, చాలినంత కాగానే ఒక్కసారిగా ఇంజన్‌ను తిప్పేస్తుంది. స్టిల్ కంపెనీ మోడళ్లలో నంబరు తర్వాత వచ్చే అక్షరాల్లో 'ఇ' ఉంటే ఆ స్ప్రింగు ఉందని గుర్తు. దుకాణంలో ఈ రెండింటిలో ఏదో ఒకటి ఉందా అని అడగండి. అమ్మేవాళ్లకు తెలియకపోతే మిషన్‌తో వచ్చే పుస్తకం తీసి చూపించమనండి.

అడగడం కన్నా గుంజి చూడటం మేలు. మా వీధిలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉన్నారు. ఇంటి ముందు చిన్న పచ్చిక, చుట్టూ మల్లె, మందారం. ఆమెకు తోడుగా నేను మిషన్ల దుకాణానికి వెళ్లాను. దుకాణం పిల్లవాడు వరుసగా మిషన్లు చూపించి, ఒకదాని తాడు పట్టుకొని తానే ఒక్క ఊపులో స్టార్ట్ చేశాడు.

"చూసిండ్రా అమ్మా, ఎంత అల్కగున్నదో!"

"ఆపు బిడ్డా. ఇప్పుడు నన్ను గుంజనియ్యి."

"మీరెందుకమ్మా గుంజుడు, ఇంట్ల మగవాళ్లు ఎవరన్న..."

"మా ఇంట్ల నడిపేది నేనే."

ఆమె నా వైపు తిరిగి, "తమ్మీ, ఎట్ల పట్టుకోవాలె?" అన్నారు. అప్పుడు నేను చెప్పిందే ఇక్కడా చెబుతాను. పిల్లవాడు అప్పుడే లేపిన మిషన్ మీద పరీక్ష చెయ్యొద్దు. వేడెక్కిన ఇంజన్ ఎవరికైనా పలుకుతుంది. పొద్దటి నుంచి ముట్టనిది, సైలెన్సర్ చల్లగా ఉన్నది తీసుకోండి. మొదట తాడును నెమ్మదిగా లాగండి. ఒకచోట గట్టిగా అడ్డం తగులుతుంది. అక్కడ ఆపి, తాడు లోపలికి వెళ్లనిచ్చి, అప్పుడు ఒక్క ఊపులో లాగాలి. పిస్టన్ ఎక్కాల్సిన ఎత్తు దగ్గర్లో చెయ్యి బలం వృథా కాకుండా ఉండటానికే ఇదంతా. చల్లటి మంచి ఇంజన్ రెండు మూడు గుంజుల్లో పలకాలి. పిడి మీ నాలుగు వేళ్లకూ సరిపోతుందా? సగం లాగేసరికి మోచెయ్యి వెనక గోడకు తగిలేంత పొడుగు తాడా? వంగి లాగాలా, నిలబడి లాగొచ్చా? ఈ చివరిది చాలామంది పట్టించుకోరు. తాడు పిడిని పైకి తెచ్చి హ్యాండిల్ కడ్డీకి తగిలించిన మూవర్‌ను నిటారుగా నిలబడి లేపొచ్చు. పిడి ఇంజన్ దగ్గరే కింద ఉంటే నడుము వంచాలి. నడుం నొప్పి ఉన్నవాళ్లకు ఆ తేడా చాలు, ఒకటి కొని ఇంకొకటి వదిలెయ్యడానికి.

టీచరమ్మ మూడు మిషన్లు గుంజి చూశారు. అన్నిటికంటే పెద్దది ఆమె చేతికి లొంగలేదు. అందులో వింతేమీ లేదు, సీసీ పెరిగినకొద్దీ తాడు బరువెక్కుతుంది. ఇంటి ముందరి పచ్చికకు పెద్ద ఇంజన్ అవసరమే లేదు. చదునైన లాన్‌కు నాలుగు చక్రాల మూవర్, ప్రహరీ పక్కన, గట్ల మీద, రాళ్ల మధ్య పెరిగిన గడ్డికి బ్రష్ కట్టర్. ఇంటి వాడకానికి ముప్పై ముప్పై అయిదు సీసీ బ్రష్ కట్టర్ ధారాళంగా సరిపోతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మా వైపు గడ్డి జూన్ నుంచి అక్టోబర్ దాకా, మహా అయితే నవంబర్ దాకా పెరుగుతుంది. ఆ తర్వాత మిషన్‌కు పని లేదు. చలికాలం పోయి, ఎండలు ముదిరి, రోహిణి కార్తెలో 45 డిగ్రీలు దాటే రోజులొస్తాయి. అన్నాళ్లూ ట్యాంకులో మిగిలిన పెట్రోల్ రేకుల షెడ్డు కింద ఉడుకుతూనే ఉంటుంది. తేలికగా మండే భాగం ముందు ఆవిరైపోతుంది. మిగిలింది జిగురవుతుంది. జూన్‌లో పలకని మిషన్ కార్బొరేటర్ విప్పితే నాకు ప్రతిసారీ కనబడేది అదే. అడుగున తేనెరంగు జిగురు, వాసన చూస్తే పెట్రోల్‌లా కాకుండా పాత వార్నిష్‌లా ఉంటుంది. పెట్రోల్ వెళ్లే జెట్ రంధ్రం సూది మొన కూడా దూరనంత సన్నం. అందులో ఆ జిగురు చుక్క ఒకటి ఎండి కూర్చుంటే ఎంత బలవంతుడు గుంజినా లాభం లేదు. జెట్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతల చుక్కంత వెలుగు కనబడాలి. కనబడకపోతే అదే దొంగ.

ఇప్పుడు దీనికి ఇంకొకటి తోడయింది. దేశంలో పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యం మొదట 2030కి పెట్టుకున్నారు, 2025లోనే దాన్ని చేరుకున్నారు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కదలకుండా నెలలు గడిస్తే ఆ నీరు, ఇథనాల్ కలిసి అడుక్కు దిగుతాయి. కార్బొరేటర్‌లోకి ముందు వెళ్లేది ఆ అడుగుదే. బ్రష్ కట్టర్ కార్బొరేటర్లలో ఉండే పల్చటి డయాఫ్రమ్ కూడా దీనివల్ల బిగుసుకుపోతుంది, వేళ్లతో నొక్కితే మెత్తగా ఉండాల్సింది ఎండిన ఆకులా చప్పుడు చేస్తుంది. చాలావరకు చిన్న ఇంజన్ల పుస్తకాల్లో ఇథనాల్ 10 శాతం దాటొద్దని రాసి ఉంటుంది. కొత్తది కొనేటప్పుడు అది ఇ-20 పెట్రోల్‌కు పనికొచ్చేదేనా అని తప్పకుండా అడగండి. జవాబు కాగితం మీద చూపించమనండి.

అందుకే స్టార్టింగ్ తేలిక అనేది మిషన్‌లో ఎంత ఉందో మన చేతిలోనూ అంతే ఉంది. దీపావళి దాటాక చివరిసారి గడ్డి కోసిన రోజు ట్యాంకు వంచి పెట్రోల్ పూర్తిగా తీసెయ్యండి. ఆ తర్వాత మిషన్ స్టార్ట్ చేసి, అది దానంతటది ఆగేదాకా నడపండి. కార్బొరేటర్‌లో మిగిలిందీ మండిపోతుంది. జూన్‌లో బంకు నుంచి అప్పటికప్పుడు తెచ్చిన పెట్రోల్ పొయ్యండి. ఇంతకన్నా పెద్ద సర్వీసింగ్ లేదు. ఇది చేసిన ఇళ్లవాళ్లు మళ్లీ నా దగ్గరికి రావడం నేను చూడలేదు.

టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా అని అడుగుతారు. టూ స్ట్రోక్ తేలిక, ఎటు వంచినా నడుస్తుంది, కానీ పెట్రోల్‌లో ఆయిల్ కలపాలి. పుస్తకంలో 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 40:1 అయితే 25. చేతికొచ్చినంత పోస్తే ప్లగ్గుకు మసి పట్టి తర్వాతి స్టార్టింగ్ చెడుతుంది. పైగా కలిపిన పెట్రోల్ ఇంకా తొందరగా పాడవుతుంది, కాబట్టి నెలకు సరిపడా మాత్రమే కలుపుకోవాలి. ఇంటి వాడకానికి నా ఓటు ఫోర్ స్ట్రోక్‌కే. ఆయిల్ వేరుగా ఉంటుంది, పెట్రోల్ మామూలుది, తాడు కూడా సాధారణంగా మెత్తగా వస్తుంది. ఒక్కటే జాగ్రత్త: బ్లేడ్ శుభ్రం చేయడానికి మూవర్‌ను పక్కకు వాల్చేటప్పుడు ఎయిర్ ఫిల్టర్ వైపు పైకి ఉండాలి. తిరగేసి పడుకోబెడితే ఆయిల్ ఆ ఎయిర్ ఫిల్టర్‌లోకి, సిలిండర్‌లోకి చేరి, తాడు లాగితే రాయిలా బిగుసుకుంటుంది.

పలకనప్పుడు కోపంతో గుంజుతూనే ఉండొద్దు. ప్లగ్ విప్పి మొన చూడండి. తడిగా ఉంటే పెట్రోల్ ఎక్కువైంది, అంటే చోక్ వేసి మరీ ఎక్కువసార్లు గుంజారు. ప్లగ్ తుడిచి, కాసేపు ఆరబెట్టి, చోక్ తీసేసి మళ్లీ గుంజండి. పొడిగా ఉంటే పెట్రోల్ రావడమే లేదు, జెట్టో ఫిల్టరో మూసుకుంది. ఈ ఒక్క చూపుతో సగం రోగం తెలిసిపోతుంది. చల్లటి ఇంజన్‌కే చోక్ కావాలి. పని మధ్యలో పెట్రోల్ పోసి మళ్లీ లేపేటప్పుడు వెయ్యకూడదు.

తాడే వద్దనుకునేవాళ్లకు దారులున్నాయి. కార్లకు కూడా ఒకప్పుడు ముందు హ్యాండిల్ పెట్టి తిప్పేవాళ్లు, అది వెనక్కి తన్ని మణికట్లు విరిగేవి. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ 1912 క్యాడిలాక్ కార్లతో ఆ బాధ తీర్చడం మొదలుపెట్టింది. పెట్రోల్ మూవర్లలోనూ సెల్ఫ్ స్టార్ట్‌వి వస్తున్నాయి. కానీ మన దగ్గర నెలల తరబడి ముట్టకపోతే వాటి చిన్న బ్యాటరీ దిగిపోతుంది. మధ్య మధ్యలో చార్జింగ్ పెట్టే ఓపిక ఉంటేనే తీసుకోండి, అదీ తాడు కూడా ఉన్న మోడలే.

పూర్తిగా బ్యాటరీ మీద నడిచేవాటి మీద నాకు రోజురోజుకూ నమ్మకం పెరుగుతోంది. కార్బొరేటర్ లేదు, పెట్రోల్ లేదు, ప్లగ్ లేదు. నవంబర్‌లో పక్కన పెట్టి జూన్‌లో బటన్ నొక్కితే లేస్తుంది. భుజం నొప్పి ఉన్నవాళ్లకు, పెద్దవయసు ఆడవాళ్లకు ఇంతకు మించినది లేదు. ధర ఎక్కువే. ఒక చార్జింగ్‌తో ఎంతసేపు కోస్తుందో అడిగి, మీ జాగకు సరిపోతుందో లేదో చూసుకోవాలి. లిథియం బ్యాటరీకి వేడి శత్రువు. ఎండాకాలంలో దాన్ని మిషన్‌లోంచి తీసి, సగం చార్జింగ్‌తో, ఇంట్లో చల్లటి గదిలో అల్మారాలో పెట్టండి. రేకుల షెడ్డులో వదిలేస్తే ఏ కంపెనీదైనా తొందరగా నీరసిస్తుంది. వైరుతో నడిచే కరెంటు మూవర్లు చౌక, ఫాల్కన్ వంటి దేశీ కంపెనీలవి దొరుకుతాయి, బటన్‌తోనే లేస్తాయి. కానీ మాకు గడ్డి కోసే కాలమంటే వానల కాలం. తడి గడ్డిలో కరెంటు వైరు ఈడ్చుకుంటూ తిరగడం నాకు ఇష్టం లేదు. తప్పదనుకుంటే, కరెంటు లీకైతే ఆపేసే ఆర్‌సీసీబీ ఉన్న సాకెట్ నుంచే, గడ్డి బాగా ఆరాకే.

మరీ చిన్న పచ్చికకు చేత్తో నెట్టే సిలిండర్ మూవర్ ఉంది. స్టార్టింగ్ గొడవే లేదు. ప్రపంచంలో మొదటి లాన్ మూవర్ ఆ రకందే. ఇంగ్లండ్‌లోని స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్, మిల్లులో ఉన్ని బట్ట మీద నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి 1830లో దాన్ని తయారుచేసి పేటెంటు తీసుకున్నాడు. వారానికోసారి తప్పకుండా నెట్టేవాళ్లకు అది బంగారం. గడ్డి జానెడు దాటిందా, ఇక దానితో కాదు.

మళ్లీ పెట్రోల్ మూవర్ దగ్గరికొస్తే, దాని హ్యాండిల్‌కు ఉండే పట్టుకడ్డీ గురించి గట్టిగా చెప్పాలి. మూవర్ స్టార్ట్ చేయాలంటే ఒక చేత్తో ఆ కడ్డీ నొక్కి పట్టి, ఇంకో చేత్తో తాడు లాగాలి. వదిలితే బ్లేడ్ ఆగిపోతుంది. అమెరికాలో 1982 నుంచి వదిలిన మూడు సెకన్లలో బ్లేడ్ ఆగాలన్న నియమం ఉంది. రెండు చేతులు ఆడించడం కష్టమని కొందరు ఆ కడ్డీని ఇనుప తీగతో చుట్టి కట్టేస్తారు. నా దగ్గరికి అలా వస్తే ముందు తీగ కోసేసి, తర్వాతే రిపేరు మొదలుపెడతాను. కడ్డీ మీ వేళ్లకు అందదు, గట్టిగా ఉంది అనిపిస్తే ఆ మిషనే వద్దు, ఇంకొకటి చూడండి. బ్లేడ్ ముట్టుకునే ముందు ప్లగ్ క్యాప్ పీకడం మరవొద్దు.

టౌన్‌షిప్పుల్లో, ఆఫీసుల ముందర లాన్లలో, రోడ్డు డివైడర్ల మీద పొద్దంతా బ్రష్ కట్టర్ తగిలించుకొని తిరిగే కాంట్రాక్టు కార్మికులను గోదావరిఖని నుంచి మందమర్రి దాకా ఎక్కడైనా చూడొచ్చు. ఇంట్లో వాడేవాళ్లం వారానికోసారి గుంజితే వాళ్లు రోజుకు ఎన్నిసార్లు గుంజుతారో. మిషన్ కొనేది ఒకరు, గుంజేది ఇంకొకరు. కొనే కాంట్రాక్టర్లు ఆ పని చేసే మనిషిని వెంట తీసుకెళ్లి, అతని చేత గుంజించి చూసి కొంటే అతని భుజం ఇంకా ఎక్కువ కాలం పనిచేస్తుంది.

దుకాణాలవాళ్లకూ నాదొక విన్నపం. ప్రతి మోడల్‌లో ఒకటి డబ్బాలోంచి తీసి బయట పెట్టండి. వచ్చినవాళ్లను, ముఖ్యంగా ఆడవాళ్లను, పెద్దవాళ్లను గుంజి చూడనివ్వండి. స్టార్టర్ తాడు, ప్లగ్, డయాఫ్రమ్ మంచిర్యాలలోనే మీ దగ్గర దొరికేలా పెట్టుకోండి, చిన్న రబ్బరు ముక్క కోసం హైదరాబాద్‌కు ఆర్డరు పెట్టి ఎదురుచూసేలోపు గడ్డి ఇల్లెక్కుతుంది. మిషన్‌తో పాటు తెలుగులో అర పేజీ కాగితం ఇవ్వండి: పెట్రోల్ ఎక్కించే రబ్బరు బల్బు ఎన్నిసార్లు నొక్కాలి, చోక్ ఎటు తిప్పాలి, ఎప్పుడు తియ్యాలి, ఆయిల్ ఎంత కలపాలి, నవంబర్‌లో ట్యాంకు ఎలా ఖాళీ చెయ్యాలి. అది రాసిపెట్టడానికి మనిషి కావాలంటే నేనున్నాను.